కన్నోరింటి తొలికాపు

ఉద్యానశాఖలో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు నలుగురు మొన్నామధ్య మా ఇంటికి వచ్చి, ఉద్యోగం గురించి ఏదైనా రాసి ఇవ్వండి సార్ అన్నారు. నాకు నవ్వొచ్చింది. నా దగ్గర చెప్పుకోదగ్గ ఘనకార్యాలేవీ లేవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మండలాలు పట్టుకు తిరిగాను. తిరిగిన చోటల్లా కూరగాయల రైతులతో మాట్లాడాను. వయసు నిండగానే మెడలో దండ వేసి పంపేశారు. ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ బదిలీ వెనక ఎవరున్నారో మీకు అనవసరం. ఫైళ్ళ సంగతి మీకు ఎలాగూ ఎవరో ఒకరు నేర్పుతారు.

నేను రాయాల్సింది ఒక్కటుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పును నేనే కంచంలో పెట్టుకుని తిన్నాను. రుచిగా ఉందని మారు కూడా అడిగాను. ఆ తప్పు ఒక చిక్కుడు గింజ గురించి, ఆ గింజ ఇచ్చిన ఒక మనిషి గురించి. మీరు చదవాల్సింది అదే.

ముందు పందిరి కింద నిలబడండి

చిక్కుడు అనగానే మీకు దుకాణంలో దొరికే ఆకుపచ్చ కాయ ఒక్కటే తెలుసు. మీ తప్పు కాదు, మేమే అలా చేశాం. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా పల్లెల్లో ఇంటికో పందిరి, పందిరికో రంగు ఉండేది. పాలలాంటి తెల్లకాయ, గోరంచు మాత్రమే ఊదాగా ఉన్న కాయ, మొత్తం వంకాయ రంగు తిరిగిన కాయ, ఏనుగు చెవిలా వెడల్పాటి కాయ. గింజల్లో అయితే నలుపు, ఇటుకరంగు, తెలుపు, చుక్కలు. ఏ గింజైనా అంచున తెల్లటి నామం మాత్రం ఉంటుంది. ఆ నామం చూసే పిల్లలు కూడా చిక్కుడు గింజని గుర్తుపట్టేవారు.

తీగ చిక్కుడు పెంచడంలో పెద్ద విద్య ఏమీ లేదు, ఓపిక ఉండాలంతే. తొలివానలు పడ్డాక మూరెడు గుంట తీసి, మాగిన పేడ, ఇంత బూడిద వేసి నాలుగు గింజలు నాటుతారు. మొలిచాక బలంగా ఉన్న రెండు ఉంచి మిగతావి తీసేస్తారు. సముద్రం వైపు ఊళ్ళలో సరుగుడు కర్రలు చవక కాబట్టి వాటితో పందిరి వేస్తారు, లోపలి ఊళ్ళలో ఎండిన కంది కంపే దిక్కు. మంచు మొదలయ్యాక పూతకు నల్లపేను పడుతుంది. దానికి ఆడవాళ్ళు తెల్లవారుజామున, ఆకు మీద తడి ఉండగానే, బూడిద చల్లుతారు. తడి ఆరాక చల్లితే జారిపోతుంది. ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఎందుకంటే నేను పొలాలకు వెళ్ళేది ఎండెక్కాక.

కాబట్టి మొదటి మాట: పొద్దున్నే వెళ్ళండి. పందిరి బయట నిలబడి ఫోటో తీసుకుని వచ్చేయకండి, కిందకు వెళ్ళి తలెత్తి చూడండి. కాయ ఎక్కడ పడింది, ఎన్నో గుత్తికి పడింది అన్నది కింద నుంచే తెలుస్తుంది. దాని అవసరం ఏమిటో ముందు ముందు చెబుతాను.

ఆమె చెప్పింది, నేను విన్నది

నా మొదటి ఉద్యోగం పొందూరు అవతల పల్లెల్లో. ఊరి పేరు రాయను, ఆ సంగతి తెలిసినవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. నేను విజయనగరం పట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి. కాలేజీలో మంచి మార్కులు, జేబులో రెండు పెన్నులు, పెదవి మీద కొత్తగా పెంచిన గుబురు మీసం. నాకు తెలియనిది లేదన్న ధీమా.

ఆ సంవత్సరం మా శాఖకు పొద చిక్కుడు కొత్త విత్తనం వచ్చింది. దానికి పందిరి అక్కర్లేదు, ఏ కాలంలో వేసినా రెండు నెలల్లో కాస్తుంది. మా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టరు, ఆయన్ని అందరం ఏడీగారు అనేవాళ్ళం. ఆయన నన్ను పిలిచి, "నాటుగింజ ఒకటి సంపాదించి, దాని పక్కనే ఈ కొత్తది వేసి రైతులకు చూపించు" అన్నాడు. ఊరి చివర మోటారు ఉన్న పొలం చెక్క ఒకటి తీసుకున్నాం. నీళ్ళు పెట్టడానికి, కలుపు తీయడానికి సన్యాసి అనే ఆయన ఉండేవాడు. వయసులో నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద.

నాటుగింజ కోసం తిరుగుతుంటే పైడమ్మ ఇల్లు కనిపించింది. ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. భర్త అప్పన్నతో కలిసి అరెకరం చేసుకుంటూ, పండిన కూరగాయలు బుట్టలో పెట్టుకుని ఆమదాలవలసలో అమ్మేది. ఫిబ్రవరి నెలాఖరు. పందిరి మీద ఎండిన కాయలు ఇంకా నాలుగు గలగలమంటున్నాయి. ఒకటి తుంచి వలిచాను. ఎర్రటి గింజ మీద నల్లటి చుక్కలు. పచ్చికాయ ఎలా ఉంటుందని అడిగితే, "వంకాయ రంగు బాబు. ఒండితే పచ్చగైపోతాది" అంది.

ఆ గింజ ఆమె తల్లిది, ఆ తల్లికి తల్లిది. వాళ్ళ ఇంట ఆడపిల్లకు పెళ్ళి చేసి పంపేటప్పుడు పసుపు కుంకుమతో పాటు గుప్పెడు చిక్కుడు గింజలు కొంగున ముడివేస్తారట. ఇరుగుపొరుగుకు కాయలు ఎన్నైనా ఇస్తారు, గింజ మాత్రం ఇవ్వరు. అత్తవారింట ఆ తీగ కాశాక తొలికాపు కన్నోరింటికి పంపాలి. ఆడపిల్ల పుట్టింటిని మా వైపు కన్నోరిల్లు అంటారు. కన్నవాళ్ళు ఉండే ఇల్లు.

ఇదంతా చెప్పి ఆమె లోపలికి వెళ్ళి, బూడిదలో కలిపి దాచిన గింజలు గుప్పెడు తెచ్చింది.

"నాకు ఆడపిల్ల నేదు బాబు. నా తరవాత ఇది ఎవులికిద్దునో తెల్డం నేదు. నువ్వు గవర్నమెంటోడివి. నీకాడుంటే పోదు."

ఆడపిల్ల లేదంటే మగపిల్లలు ఉన్నారనుకున్నాను. ఆ సంగతి అడగాలని కూడా తోచలేదు.

నా చేతిలో సంచీ లేదు. జేబురుమాలు అడిగి తీసుకుని, గింజలు దాని కొసన ముడివేసి, నా మీసం వంక చూసి నవ్వింది. "కొంగు నేని ఆడపిల్లవి నువ్వు" అంది. ఆ ముడి నా చేతిలో పెడుతూ ఒక మాట చెప్పింది.

"దీనికి సలి సూపించాల బాబు. సలి సూడకపోతే పలకదు."

పిల్లలూ, ఈ మాట దగ్గర ఆగండి. నేను ఆగలేదు. ఊళ్ళలో గింజకు సూర్యుణ్ణి చూపించడం, పసుపు నీళ్ళు చల్లడం లాంటివి ఉంటాయి కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. నమ్మకం లేకపోయినా పెద్దావిడ మాట కాదనడం ఎందుకని ఆ రాత్రి గింజల్ని పళ్ళెంలో పోసి మేడ మీద మంచులో పెట్టాను. పొద్దున్న తీసి తుడిచాను. చలి చూపించేశాను, మాట చెల్లింది అనుకుని, పొద చిక్కుడు వేసిన రోజే పక్క వరుసలో ఇదీ వేయించాను.

సన్యాసి గునపం పట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పుడేటి బాబుగారు, తీగ సిక్కుడు వానలకి కదా ఎయ్యడం" అన్నాడు.

"మోటారు ఉంది, నీళ్ళకేం లోటు? రెండూ ఒకే రోజు వేస్తేనే కదా న్యాయం" అన్నాను.

అతను గుంటలు తీశాడు.

నేను వాడిన మాట

పొద చిక్కుడు మే నెలకల్లా విరగకాసింది. పైడమ్మ తీగ పందిరంతా అల్లుకుని, దాటి, పక్కనున్న మోటారు షెడ్డు మీదకు ఎక్కింది. ఆకు చూస్తే కళ్ళు చల్లబడేవి. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. జూలై వచ్చింది, రైతులందరినీ పిలిచి చూపించే రోజు వచ్చింది.

షామియానా వేశాం. ఏడీగారు వచ్చారు. ఊళ్ళో వాళ్ళు యాభై అరవై మంది చేరారు, చివర్లో ఆడవాళ్ళు నిలబడ్డారు. నేను పుస్తకం మాటలు కాకుండా వాళ్ళ మాటల్లో మాట్లాడాలని తాపత్రయపడే రోజులవి. అంతకు ముందు వారమే ఒక రైతు నోట ఒక మాట విన్నాను. అది వాడేసి మెప్పు పొందాలనుకున్నాను. తీగ వైపు కర్ర చూపించి అన్నాను:

"ఇది గొడ్డు తీగ. నాలుగు నెలలు నీళ్ళు తాగింది, ఒక్క పువ్వు పూయలేదు. ఇలాంటి గింజ ఎవరింట్లో ఉన్నా వదిలించుకోండి."

ముందు వరుసలో ఎవరో పక్కవాడితో ఏదో అన్నారు. నవ్వు అక్కడ మొదలై వెనక దాకా పాకింది. నా చమత్కారం పండిందనుకుని నేనూ నవ్వాను.

అందరూ వెళ్ళాక పైడమ్మ నా దగ్గరకు వచ్చింది. ముఖంలో ఏమీ లేదు. "రేపు మజ్జానం మా ఇంట్లో బోయినం సెయ్యి బాబు" అంది. గింజ పోయినందుకు కోపం లేదు, పైగా భోజనానికి పిలుస్తోంది, ఎంత మంచి మనిషి అనుకున్నాను.

ఆ భోజనం

ఆ రోజు ఆమె వండిన కూర మీకు చెప్పాలి. వంట చెప్పకుండా చిక్కుడు సంగతి పూర్తి కాదు.

ఎండు గింజలు ముందురోజు సాయంత్రమే నానబెట్టాలి. రంగు గింజలకు కాస్త చేదు ఉంటుంది, కాబట్టి ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికిస్తారు. తర్వాత ఒక్కొక్క గింజా వేళ్ళ మధ్య నొక్కితే పైతోలు చేతిలో ఉండి లోపలి పప్పు జారుతుంది. ఉల్లిపాయ వేయించి, ఎండురొయ్యలు దంచి వేసి, ఈ పప్పు కలిపి, చింతపండు పులుసు పోసి చిన్న బెల్లం ముక్క వేస్తారు. దించే ముందు ఆవ నూరి పెడతారు. గింజ నోట్లో వెన్నలా అణగాలి, ఆవ ఘాటు ముక్కుకు తగలాలి. గుప్పెడు గింజల కూరకు ఒక పూట పని.

అప్పన్న నా ఎదురుగా కూర్చున్నాడు గానీ కంచం పెట్టించుకోలేదు. కడుపు బాగోలేదన్నాడు. నేను మాత్రం ఆవురావురుమని తిన్నాను. ఇంత బాగా ఎలా వచ్చిందమ్మా, ఇంకాస్త వెయ్యి అన్నాను. పైడమ్మ గరిటెతో దాక అడుగు గీకి వడ్డించింది.

"ఇంకా ఉందా?"

"అంతే బాబు. బూడిద కుండలో ఉన్నయ్యన్నీ నానబెట్టీసినాను. గొడ్డు గింజ దాసుకుని ఏటి సేస్తాను."

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మింగాలో వద్దో తెలియలేదు. మింగాను. విత్తనానికి దాచిన గింజ వండడం అంటే ఏమిటో మా పల్లెల్లో చెప్పనక్కర్లేదు. కరువులో కూడా దాన్ని ముట్టరు.

అప్పన్న నన్ను వీధి మలుపు దాకా సాగనంపాడు. అక్కడ ఆగి, ఎటో చూస్తూ చెప్పాడు. "మాకు పిల్లల్నేరు బాబు. నీకు తెల్దని నాకు తెల్సు. నిన్న నువ్వా మాటన్నాక ఒకడన్నాడు, గొడ్రాలి సేతి గింజ గొడ్డు కాక మరేటవుతాదని. అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "అది నిన్నట్నుంచి ఏటీ ముట్నేదు" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

గొంతు పెంచి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ ఊరి నుంచి నా గది దాకా సైకిలు ఎలా తొక్కానో నాకు గుర్తులేదు. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. అయినా నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. అప్పటికి నా సిగ్గు అన్న మాట గురించే. తీగ గొడ్డుదే అన్న తీర్పు మీద నాకింకా అనుమానం రాలేదు. మర్నాడు వెళ్ళి పందిరి మొత్తం పీకేయమని సన్యాసితో చెప్పాను. దాన్ని చూడలేకపోయాను.

మోటారు షెడ్డు మీద

కార్తీకం దాటింది. అదే చెక్కలో టమాటా నారు వేయించడానికి ఒక ఉదయం వెళ్ళాను. చాలారోజుల తర్వాత ఎండెక్కకుండా వెళ్ళింది అదే. చలిగా ఉంది. దూరం నుంచే మోటారు షెడ్డు రేకుల మీద ఊదారంగు కనిపించింది. ఎవరో చీర ఆరేశారనుకున్నాను. దగ్గరకు వెళితే పూత. గుత్తులు గుత్తులుగా చిక్కుడు పూత, కింది గుత్తులకు అప్పుడే వేలెడు పిందెలు.

సన్యాసి కాస్త బెదురుతూ వచ్చాడు. "మీరు పీకమన్నారు, పీకినాను బాబుగారు. ఇదొక్క మొదలు షెడ్డు ఎనకుండిపోనాది. నీడకుంటాదని ఉంచీసినాను. నా మజ్జిగ సెంబు దాని కిందే ఎడతాను, సల్లగుంటాదని." నా ముఖం చూసి మళ్ళీ అన్నాడు, "సలి సూసినాది కదా మరి. ఇప్పుడు పలికినాది."

సలి సూపించాల. ఆమె చెప్పింది తీగకు. నేను చూపించింది గింజకు.

మీరు పుస్తకాల్లో చదువుకున్నారు కాబట్టి కారణం ఇట్టే చెబుతారు. ఈ పాత రకాలు పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూస్తాయి. వేసవిలో వేస్తే ఆ పొద్దు వచ్చేదాకా ఆకు వేస్తూనే ఉంటాయి. నేనూ చదివాను. పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. ఆ చదివింది, ఈ విన్నది ఒకటేనని తట్టలేదు. ఆమె దాన్ని చలి అంది, పుస్తకం ఇంకో పేరు పెట్టింది. రెండూ వచ్చేది ఒకే నెలలో. ఒకే రోజు వేయడం న్యాయం అనుకున్నాను గానీ, ఎవరి కాలంలో వాళ్ళను చూడడం న్యాయమని నాకు ఎవరూ చెప్పలేదు. సన్యాసి చెప్పాడు. నేను వినలేదు.

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. చలికి పలుకుతుందని ఆమె చెప్పి ఇచ్చిన గింజను నేను గొడ్డుదన్నాను. నా మాట నమ్మి ఆమె తన తల్లి గింజను చివరి దాకా వండేసింది. నేను తిన్నాను. లోకంలో ఆ గింజకు మిగిలింది ఒక కూలీ మనిషి మజ్జిగ చెంబుకు నీడ కోసం ఉంచిన ఒక్క మొదలు.

సైకిలు మీద వెళ్ళు

మా ఏడీగారి గురించి చెప్పాలి. కోపిష్టి మనిషి. నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఆయన గదిలోకి వెళ్ళాలంటే నాకు చెమటలు పట్టేవి. ఆ రోజు వెళ్ళి జరిగిందంతా చెప్పాను, భోజనంతో సహా. తిడతాడనుకున్నాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాటురకం పనికిరాదని మనం పైకి పంపిన కాగితం తప్పని నేను రాస్తాను. ఆ చీవాట్లు నేను తింటాను. నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్ళు" అన్నాడు. నేను కదలబోతుంటే, "జీపు అడక్కు. సైకిలు మీద వెళ్ళు" అన్నాడు.

తర్వాత నేను ఎందరో అధికారుల కింద పనిచేశాను. నవ్వుతూ భుజం తట్టినవాళ్ళు చాలామంది, తప్పు జరిగితే కింది మనిషి వైపు వేలు చూపించినవాళ్ళు వాళ్ళలోనే ఎక్కువమంది. రోజూ తిట్టే ఆ మనిషి ఒక్కడే నా తప్పును తన పేరు మీద రాసుకున్నాడు. అధికారిని నోటిని బట్టి కొలవకండి.

కాయ కాస్త ముదిరాక, తొలి గుత్తులన్నీ కోసి సంచీలో వేసుకుని సైకిలెక్కాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. పైడమ్మ వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. సంచీ ఆమె ముందు విప్పాను. వంకాయ రంగు కాయలు బియ్యం పక్కన జారాయి.

ఆమె ఒక కాయ తీసి అంచు వెంట బొటనవేలితో రాసింది. చాలాసేపు అలాగే రాస్తూ ఉండిపోయింది.

"సలికి పూసింది అమ్మా. నేనే తప్పు..." అన్నాను. క్షమించమనాలంటే ఆ మాట మళ్ళీ ఆమె ముందు నోటితో అనాలి. అది నా వల్ల కాలేదు.

ఆమె కాయలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇయ్యి ఎన్నో గుత్తివి?" అంది.

"మొదటివి."

"మొదటియ్యి కోసీసినావా? తెలివి ఎప్పుడొస్తాది బాబు నీకు. కింద గుత్తులు యిత్తనానికి వదలాల. ఆకరి గుత్తుల్లో పస ఉండదు." ఈసారి నిజంగా తిట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకా పైగుత్తులు ఉన్నాయని, ముట్టుకోనని, ఎండగానే గింజలన్నీ తెచ్చి ఇచ్చేస్తానని చెప్పాను.

"ఆడపిల్లకి ఇచ్చిన గింజ ఎనక్కి అట్టుకుంటారేటి" అంది. "నీకాడే ఉంచు. వానలకి ఎయ్యి. కాసినప్పుడు తొలికాపు తే."

ఎక్కడికి తేవాలో ఆమె చెప్పలేదు. కన్నోరిల్లు అన్న మాట ఆమె నోట రాలేదు. అది నేను గమనించాను.

ప్రతి ఏడూ

ఆ సంవత్సరం షెడ్డు తీగకు విత్తనానికి నిలిచినవి దోసెడు గింజలు. అప్పటి నుంచి నేను ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి ఆ డబ్బా వచ్చింది. బూడిద, నాలుగు వేపాకులు, గింజలు. పాలకొండలో అద్దె ఇంటి గోడ మీద, రాజాంలో ఆఫీసు వెనక, బొబ్బిలిలో నీళ్ళ ట్యాంకు కింద పందిరి వేశాను. ఒక తుఫానుకు పందిరి, తీగ, కాయ అన్నీ పోయి డబ్బాలో తొమ్మిది గింజలు మిగిలాయి. ఆ ఏడు తొలికాపుగా మూడు కాయలు పట్టుకెళ్ళాను. పైడమ్మ ఆ మూడూ తీసుకుంది.

ఎప్పుడు వెళ్ళినా ఒకటే పలకరింపు, "తెచ్చినావా" అని. కూర్చుని ఈనెలు తీసి, వండి పెట్టేది. లేతకాయ అయితే ఉల్లికారం, ముదురుకాయ అయితే నువ్వులపొడి. గింజల పులుసు మాత్రం నాకు మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు. నేను అడగలేదు. మా అమ్మాయి పెళ్ళిలో కొంగున ఆ గింజలు ముడివేసి పంపాను. పర్లాకిమిడిలో దాని పెరట్లో ఇప్పుడు కాస్తోంది. అది పంపే తొలికాపు మేం వండుకోం, అదీ పైడమ్మకే పట్టుకెళతాను. నా ఉద్యోగంలో ఎన్ని వేల కిలోల విత్తనం పంచానో గుర్తులేదు గానీ, బాధ్యతగా కాపాడింది ఈ డబ్బా ఒక్కటే.

కానీ ఆ మాట మా ఇద్దరి మధ్య అలాగే ఉండిపోయింది. అప్పన్న చనిపోయినప్పుడు వెళ్ళాను, అప్పుడూ తప్పయిందని అనలేకపోయాను. ఆమె నన్ను క్షమించిందో, లేక వచ్చిన మనిషికి తిండి పెట్టడం అలవాటు కాబట్టి పెడుతోందో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు తెలియలేదు.

మొన్న శీతాకాలం. నేను రిటైరయ్యాక మొదటి కాపు. సంచీ పట్టుకుని వెళ్ళేసరికి పైడమ్మ ఇంటి మెట్టు మీద కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది, మనిషిని నడకను బట్టి గుర్తుపడుతుంది. ఎదురుగా గ్రామ సచివాలయం నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేతిలో ఫోను పట్టుకుని ఇంటింటి వివరాలు రాసుకుంటోంది. వీధిలో నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పేరు అయింది, వయసు అయింది.

"పిల్లలెంతమంది మామ్మా?" అంది ఆ అమ్మాయి.

నేను వీధిలోనే ఆగిపోయాను. మళ్ళీ నలుగురి ముందు, మళ్ళీ నేను ఉండగానే. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఫోనులో ఉన్న ప్రశ్న అది. అయినా వెళ్ళి ఆ ఫోను లాక్కోవాలనిపించింది.

"ఒక్క ఆడపిల్ల" అంది పైడమ్మ.

పక్కింటావిడ నవ్వబోయి ఆపుకుంది. "ఓలప్ప, నీకు ఆడపిల్లెక్కడే?"

పైడమ్మ నా వైపు చెయ్యి చాపింది. "అదుగో, సంచీ అట్టుకుని నిల్సున్నాది. మీసాలు సూసి అనుమానపడకు. ఏడేడూ తొలికాపు తెస్తాది. ఇది దాని కన్నోరిల్లు. రాసుకో."

నిల్సున్నాది అంది. తెస్తాది అంది. ఆడపిల్లను అన్నట్టే అంది. అందరూ నవ్వారు. ఆమె ఎదుట నా మూలంగా ఆ ఊరి జనం నవ్వడం అది రెండోసారి. ఆ అమ్మాయి నా తెల్లమీసం వంక, ఆమె వంక మార్చి మార్చి చూసింది. ఏం రాసుకుందో నేను చూడలేదు. నా కళ్ళకు ఏమీ కనిపించడం లేదు.

అందరూ వెళ్ళాక సంచీ ఆమె ముందు పెట్టి కూర్చున్నాను. ఇంక ఈ రోజైనా అనకపోతే ఎప్పటికీ అనలేననిపించింది.

"అమ్మా, ఆ రోజు షామియానా కింద నేనన్న మాట..."

పైడమ్మ సంచీలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసింది. కనిపించకపోయినా అంచు వెంట బొటనవేలితో రాసి చూసుకుంది.

"ఇయ్యి పై గుత్తులేనా? మొదటియ్యి తీగకి ఉంచినావా?"

"ఉంచానమ్మా."

"అయితే సరి. కత్తిపీట తేనా, సేత్తో తీస్తావా ఈనెలు?"

చేత్తోనే తీస్తానన్నాను. ఆమె చేట మా ఇద్దరి మధ్యకు జరిపింది.